చలి పిన్నీ, నా రాగి పలకా

చలి పిన్నిని నేను మొదటిసారి చూసింది మంచి ఎండాకాలం మధ్యాహ్నం. బయట తారు రోడ్డు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ఆవిడ మాత్రం చెవుల మీదికి ఉన్ని టోపీ లాక్కుని, మోకాళ్ళ దాకా బొంతలాంటి కోటు తొడుక్కుని, చేతిలో ఐసు బకెట్‌తో పరిశోధనశాల వరండాలో నడిచి వస్తోంది. ఈవిడకేమైనా తిక్కా అనుకున్నాను. అనుకున్నది మనసులో దాచుకునే అలవాటు నాకు లేదు కనుక, పక్కనున్న గుమాస్తాతో పైకే అన్నాను. ఆవిడ విని ఆగింది.

"తిక్క కాదు తమ్ముడూ, చలి. నా చలిగది లోపలికొచ్చి పది నిమిషాలు నిలబడు. నువ్వే నా టోపీ అడుగుతావు."

పంతానికి పోయి నిలబడ్డాను. ఏడో నిమిషంలో అడిగాను. ఆవిడ నవ్వలేదు సరికదా, టోపీ తీసి ఇచ్చేసి తను కొంగు చుట్టుకుంది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. ఆ రోజు నుంచి నాకు అక్క. విద్యార్థులందరికీ చలి పిన్ని.

నా గురించి కాస్త చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. ఆ పరిశోధనశాలలో నేను పరికరాల మెకానిక్‌ని. కొలిచే యంత్రాలు బిగించడం, విప్పడం, తుడవడం, వాటి చేత సరిగ్గా పని చేయించడం నా ఉద్యోగం. నాకు రెండు గుణాలున్నాయి, శుభ్రం, కోపం. రెండూ కాస్త ఎక్కువే. నా బల్ల మీద ఒక స్క్రూ వంకరగా పడి ఉంటే నాకు నిద్ర పట్టదు. ఆ స్క్రూ అక్కడ పెట్టిన వాడికి ఆ రోజంతా మనశ్శాంతి ఉండదు. కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. ముక్కు కింద మీసం ఉంది. దాన్ని రోజుకు మూడుసార్లు దువ్వుకుంటాను. ఈ మీసం సంగతి ఊరికే చెప్పడం లేదు, తర్వాత పనికొస్తుంది.

చలి పిన్ని పంతొమ్మిదో ఏట ఆ పరిశోధనశాలకు గాజు సామాను కడగడానికి వచ్చింది. చదువు పదో తరగతితో ఆగిపోయింది. రెండేళ్ళపాటు సీసాలు కడుగుతూ, ప్రోటీన్లు తీసే పెద్దమనిషి ఏం చేస్తున్నాడో పక్కనుంచి చూసింది. ఒకరోజు ఆయన పని సగంలో ఉండగా కామెర్లతో ఆసుపత్రిలో పడ్డాడు. చలిగదిలో గాజు గొట్టం లోంచి ప్రోటీన్ చుక్క చుక్కగా దిగుతోంది. ఎవరూ ముట్టుకోకపోతే సాయంత్రానికి మూడు వారాల శ్రమ మురుగు కాలవ పాలే. ఈ అమ్మాయి చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. ఎన్నో చుక్క దగ్గర కింద పట్టే గొట్టం మార్చాలో, ఎప్పుడు ఉప్పు నీళ్ళు పోయాలో అంతా చూసి చూసి కంఠతా వచ్చేసింది మరి. పెద్దమనిషి తిరిగొచ్చేసరికి నలభై చిన్న సీసాలు ఐసులో వరసగా కూర్చుని ఉన్నాయట, ఒక్కటీ పాడవకుండా. మర్నాటి నుంచి సీసాలు కడగడానికి ఇంకొకరిని పెట్టారు.

అప్పటి నుంచి ఆ చలిగది ఆవిడదే. నాలుగు డిగ్రీల చలి, కిటికీ లేదు, ఒక ట్యూబులైటు, ఎప్పుడూ గురక పెడుతుండే ఫ్యాను. టైలరు పని చేసే వాళ్ళాయన పాత దుప్పట్లు మడతలేసి కుట్టి ఇచ్చిన కోటు తొడుక్కుని రోజుకు ఐదారు గంటలు అందులో ఉండేది. తలుపు పక్కన మేకుకు ఒక రిజిస్టర్ వేలాడేది. అందులో గంటగంటకూ మూడు విషయాలు రాసేది. టైము, గది వేడి, లోపలున్న మనుషుల సంఖ్య. మొదటి రెండూ ఎవరైనా రాస్తారు. మూడోదెందుకని అడిగాను.

"మనిషంటే ఏమనుకున్నావు? నడిచే పొయ్యి. ఒక్కరు లోపలికొచ్చి నిలబడితే గది పావు డిగ్రీ లేస్తుంది. ఇద్దరొస్తే చెప్పక్కర్లేదు."

"పావు డిగ్రీకి ఇంత రాతకోతలు ఎందుకక్కా?"

"నా ప్రోటీన్‌కి పావు డిగ్రీ అంటే చాలా పెద్ద కబురు," అంది.

ఆవిడ గొప్ప ఏమిటంటే, సెలవు రోజు దాటి వచ్చినా, చలిగది వేడిని యంత్రం తనంతట తాను గీసే గ్రాఫు చూసి, "నిన్న పదకొండింటికి ఎవరో ఇద్దరు దూరారు. అందులో ఒకళ్ళు కాస్త భారీ మనిషి," అని చెప్పగలిగేది. విచారిస్తే నిజమే అయ్యేది. మా లావుపాటి గుమాస్తా ఎండ తట్టుకోలేక అక్కడ దూరి కునుకు తీసి రెండుసార్లు దొరికిపోయాడు.

ఆ ప్రోటీన్ గురించి నాకు ఆవిడ చెప్పినంత తేలిగ్గా, పరిశోధన నడిపించే మా ప్రొఫెసర్ గారు కూడా చెప్పలేదు. రెండు దారాలు జడలా మెలేసుకుని ఉంటాయి. కాస్త వెచ్చబడితే విడిపోతాయి, చల్లబడితే మళ్ళీ అల్లుకుంటాయి. ఒక సూక్ష్మజీవి తాను వెచ్చని ఒంట్లోకి చేరిందో లేదో తెలుసుకోవడానికి ఆ దారాలు పెట్టుకుంటుంది. "మా ఆయన దారం రీళ్ళకంటే ఇవే బుద్ధిమంతులు తమ్ముడూ. అవి ఒకసారి చిక్కుపడితే దేవుడు దిగొచ్చినా విడవవు," అనేది.

మేం తయారుచేస్తున్న సెన్సర్ అంతా ఆ దారాల మీదే నిలబడింది. వెంట్రుకకంటే ఎన్నో రెట్లు పలచనైన పొర మీద ఆ ప్రోటీన్ పూస్తారు. అటూ ఇటూ రెండు బంగారు గీతలు, వాటి మధ్య సన్నగా కరెంటు. ప్రతి వెచ్చని వస్తువు నుంచీ కంటికి కనిపించని వెలుగు ఒకటి వస్తూనే ఉంటుంది, పరారుణ కిరణాలంటారు. అవి దూరం నుంచి ఆ పొర మీద పడితే చాలు, పొర వెచ్చబడుతుంది, దారాలు విడతాయి, కరెంటు మారుతుంది. వస్తువును ముట్టుకోకుండానే దాని వేడి డిగ్రీలో వందోవంతు వరకు తెలుస్తుంది.

ఇది దేనికని అడగండి. ఆ సంగతి కూడా పిన్ని దగ్గరి నుంచే మొదలైంది. ప్రొఫెసర్ గారు మొదట దీన్ని ఫ్యాక్టరీ గొట్టాల్లోంచి వేడి కారడం కనిపెట్టడానికని మొదలుపెట్టారు. పిన్ని చెల్లెలు ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు నర్సు. నెల తక్కువ పుట్టిన పిల్లలు, ఇరవై తొట్లు, ఇద్దరు నర్సులు. ఒక్కో బిడ్డ దగ్గరికీ వెళ్ళి చేతి వెనక వైపుతో పొట్ట తాకి చూడాలి, తర్వాత పాదాలు తాకి చూడాలి. పొట్ట వెచ్చగానే ఉండి పాదాలు చల్లబడుతున్నాయంటే ఆ బిడ్డకు ఏదో రాబోతోందని లెక్క. ఇరవయ్యో తొట్టి దాకా వెళ్ళి వచ్చేసరికి మొదటి తొట్టిలో ఏమవుతుందో తెలియదు. ఒకరోజు సీసాలు అందిస్తూ పిన్ని ఉన్నట్టుండి అందిట, "సార్, ఇలాంటి కన్నొకటి ప్రతి తొట్టి మీదా వేలాడితే మా చెల్లికి ఇరవై చేతులొచ్చినట్టే కదండీ." ప్రొఫెసర్ గారు మెత్తని మనిషి. సీసాలు పట్టుకుని అలాగే నిలబడిపోయారట. వారం తిరక్కుండా గొట్టాలు పోయి తొట్లు వచ్చాయి.

మొదటి ఏడాది సెన్సర్ ముద్దొచ్చేలా పనిచేసింది. పరీక్ష చేసే గది నాది. బల్లకు ఆ కొసన నిలువుగా ఒక రాగి పలక, వెనక చిన్న హీటరు. పలకను సరిగ్గా ముప్పై ఏడు డిగ్రీల దగ్గర ఉంచుతాను, బిడ్డ పొట్ట బదులన్నమాట. దానికి జానెడు దూరంలో సెన్సర్, ముఖం పలక వైపు. సెన్సర్ వెనక స్టూలు మీద నేను. పొద్దున్నే మీటరు బొత్తాం కొంచెం తిప్పి అంకె ముప్పై ఏడుకు తెస్తాను. ఆ తర్వాత కాగితం మీద మీటరు పెన్ను గీసే గీత సాపుగా నడవాలి. నడిచేది కూడా.

అంతలో పెద్ద ఆఫీసర్లు చూడటానికి వస్తున్నారన్నారు. గదంతా తుడిచాను. తుడుస్తూ ఆ రాగి పలక వైపు చూస్తే నాకు సిగ్గేసింది. ఏడాది నుంచి వేడికి కమిలి గోధుమరంగు తిరిగి, మాసిన గిన్నె మాదిరి ఉంది. పాలిష్ పేస్టు పెట్టి మెత్తని గుడ్డతో గంటసేపు రుద్దాను. తళతళలాడింది. ఆఫీసర్లు వచ్చారు, దాన్ని చూసి భేష్ అన్నారు. నాకు అంతకంటే ఏం కావాలి? ఇక ప్రతి సోమవారం రుద్దడం మొదలుపెట్టాను. వారం వారం అది ఇంకా మెరిసింది. నాలుగో నెలకు అందులో నా మీసం చూసుకుని దువ్వుకునేవాణ్ణి.

ఆ నాలుగు నెలల్లోనే సెన్సర్‌కు జబ్బు చేసింది. అంకెను ముప్పై ఏడుకు తేవడానికి బొత్తాం వారం వారం ఇంకాస్త తిప్పాల్సి వచ్చింది. తెచ్చాక కూడా గీత నిలకడగా ఉండదు. కాసేపు బాగుంటుంది, కాసేపు గుట్టలా లేస్తుంది. పలకలో దూర్చిన థర్మామీటర్ చూస్తే ముప్పై ఏడే, వెంట్రుకవాసి తేడా లేదు. వైర్లన్నీ విప్పి మళ్ళీ బిగించాను. కొత్త సెన్సర్లు మూడు మార్చాను. అదే తంతు. గీత లేచినప్పుడల్లా ఏమైందా అని ముందుకు వంగి చూసేవాణ్ణి. చూసేకొద్దీ ఇంకా లేచేది. అరికాలి మంట నెత్తికెక్కేది.

సోమవారం మీటింగులో కాగితాల చుట్ట ప్రొఫెసర్ గారి బల్ల మీద పడేశాను. విద్యార్థులంతా ఉన్నారు. చివరి కుర్చీలో పిన్ని ఉంది, ఒళ్ళో ఐసు బకెట్‌తో.

"వైర్లలో తప్పు లేదు సార్. మీటర్లో తప్పు లేదు. నా పలకలో అసలే లేదు. ప్రోటీనే కుళ్ళిపోతోంది. నాలుగు నెలలుగా వారం వారం బలం తగ్గిపోతోంది, కాగితాలు చూడండి. ఆ చలిగదిలో ఏం జరుగుతోందో ఒకసారి కనుక్కోండి!"

ముప్పై నాలుగేళ్ళుగా ఆవిడ చేతి సీసా ఒకటి పాడైందని ఆ గదిలో ఎవరూ అనలేదు. అన్నవాణ్ణి నేను. ఆవిడ ఒళ్ళోని బకెట్ సర్దుకుని, "అలాగా?" అంది. అంతే.

ప్రొఫెసర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పైవాళ్ళు ఇప్పటికే ఒత్తిడి చేస్తున్నారనీ, శుక్రవారం వరకు చూస్తాననీ, గీత నిలబడకపోతే ప్రోటీన్ మానేసి మామూలు లోహపు పొరకు మారిపోదామనీ అన్నారు. లోహపు పొరతో అంత సన్నని తేడా తెలియదు, కనక పసిపిల్లల తొట్లు పోయి మళ్ళీ గొట్టాలే వస్తాయి. చలిగది యంత్రం ఆపేసి సామాన్ల కొట్టు చేస్తారు. "మీకు స్టోర్సులో చోటు చూస్తానమ్మా," అన్నారు, తల ఎత్తకుండా.

బయటకు వచ్చాక, "నీకు ఉద్యోగం పోదు లే అక్కా," అన్నాను, పెద్ద ఓదార్చేవాడిలాగా.

"నా ఉద్యోగం సంగతి ఎవరడిగారు? ఫ్రీజర్లో ఉన్నదంతా సింకులో పారబోస్తారు. మా చెల్లి మళ్ళీ ఒకటో తొట్టి నుంచి ఇరవయ్యో తొట్టికి పరిగెడుతుంది," అంది. అయినా నా కోపం నాదే. కాగితాలు అబద్ధం చెప్పవు కదా అనుకున్నాను.

మంగళవారం పొద్దున రెండు చిన్న సీసాలు ఐసులో పెట్టుకుని నా గదికి వచ్చింది. ఒకటి నిన్న తీసిన ప్రోటీన్. ఇంకోటి ఏడాది కిందటిది, ఫ్రీజర్లో దాచింది. రెంటితోనూ సెన్సర్లు చేయించి తెచ్చింది. నేను గొణుక్కుంటూనే పరీక్ష చేశాను. రెండూ ఒకేలా, నీరసంగా, ఒకేలా గుట్టలుగా వచ్చాయి.

"చూశావుగా, రెండూ పోయాయి," అన్నాను.

"ఏడాది పాతదీ నిన్నటి పసిదీ ఒకే రోజు, ఒకే మోతాదులో పోతాయా తమ్ముడూ? ముసలమ్మా మనవరాలూ ఒకే వయసులో ఉన్నట్టుంది నీ లెక్క."

వాదనలో చిక్కుకున్నప్పుడు నేనేం చేస్తానో అదే చేశాను, కేకలేశాను. ఆవిడ గోడ గడియారం వైపు చూసి బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

బుధవారం రిజిస్టరుతో వచ్చి, గది మూలన కుర్చీ వేసుకుని కూర్చుంది. "నువ్వు రోజూ చేసేదే చెయ్యి. నేను లేననుకో," అంది. ఇంత మనిషి మూలన కూర్చుంటే లేదనుకోవడం ఎలా? అయినా పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆవిడ ఏదో రాస్తూనే ఉంది. నేను లేస్తే రాసింది, కూర్చుంటే రాసింది, టీకి వెళితే రాసింది. నా మీద నిఘా వేశారేమో, తప్పంతా నా నెత్తిన రుద్దుతారేమో అని పళ్ళు నూరుకున్నాను. ఇంటికి వెళ్ళి మా ఆవిడ మీద కూడా అరిచాను.

గురువారం పొద్దున గ్రాఫు కాగితం నేల మీద బారుగా పరిచి, పక్కన రిజిస్టర్ పెట్టుకుని, ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని చూస్తోంది. చేత్తో రమ్మంది.

"ఇదిగో, పది నలభై. గీత లేచింది. నా రాతలో కూడా పది నలభై. గదిలో ఒకరు, ముందుకు వంగారు. పన్నెండు ఐదు, మళ్ళీ లేచింది. మళ్ళీ వంగారు. ఒంటిగంటకి గీత బల్ల మీద స్కేలు పెట్టి గీసినట్టుంది. ఒంటిగంటకి నువ్వెక్కడున్నావు?"

"భోజనానికి వెళ్ళాను."

"మూడింటికి చూడు, కొండంత లేచింది. అప్పుడు నువ్వు ఎవరితోనో ఫోన్లో తగువేసుకుంటున్నావు, ముఖం కందగడ్డలా ఉంది. నా దారాలు నిన్ను చూస్తున్నాయి తమ్ముడూ. చచ్చిపోయినవి చూడవు."

నాకు నవ్వు కూడా వచ్చింది. "అక్కా, సెన్సర్ ముఖం అటుంది. నేను దాని వీపు వెనక కూర్చుంటాను. వీపుకు కళ్ళుంటాయా?"

ఆవిడ రిజిస్టర్ మూసి దిగాలుగా లేచి నిలబడింది. అది చూసి నాకు గెలిచినట్టే అనిపించింది, ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. మర్నాడు ఆ మనిషి ముప్పై నాలుగేళ్ళ పని సింకు పాలవబోతుంటే నేను వాదనలో నెగ్గినందుకు సంతోషించాను. టీ తాగొస్తానని బయటికి వెళ్ళాను.

నేను వెళ్ళాక జరిగింది తర్వాత ఆవిడే చెప్పింది. చలిగదికి వెళ్ళిపోదామని ఉన్ని టోపీ పెట్టుకోబోయి, జుట్టు రేగి ఉందేమో చూసుకోవడానికి ఎదురుగా ఉన్న పలకలోకి వంగింది. అందులో తన ముఖం. తన భుజం వెనక నా ఖాళీ స్టూలు కూడా. దారాలకు వీపు వైపు కళ్ళు అక్కర్లేదు. వాటి ఎదుట నేను నాలుగు నెలలుగా అద్దం రుద్ది నిలబెట్టాను. మెరిసే రాగి తన వేడిని బయటికి సరిగ్గా పంపదు, అందుకే వారం వారం బలం తగ్గినట్టు కనిపించింది. బదులుగా ఎదుటివాళ్ళ వేడిని తిప్పి కొడుతుంది. బొత్తాం తిప్పి తిప్పి నేను కొలిచింది పలకను కాదు, నా ముఖాన్ని.

టీ తాగి వచ్చేసరికి తలుపు దగ్గరే మైనం కాలిన వాసన వచ్చింది. ఆవిడ చేతిలో కొవ్వొత్తి వెలుగుతోంది. నా పలక, నేను పసిబిడ్డలా చూసుకున్న నా రాగి పలక, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మసి పట్టి పెనంలా ఉంది.

ఒంటికాలి మీద లేచాను. ఏమేమి అన్నానో రాయను, కొన్ని రాయదగ్గవి కావు. వయసు మళ్ళి మతి పోయిందన్నాను. ప్రోటీన్ పాడు చేసింది చాలక ఇప్పుడు నా పరికరం మీద పడ్డావా అన్నాను. పలక అంచు తడిమి, ఆ మసి చేత్తోనే మీసం మెలేసి, బల్ల మీదికి వంగి, గుద్ది మరీ అరిచాను. ఆవిడ కొవ్వొత్తి ఊదేసి, నా వైపు కాకుండా కాగితం వైపు చూస్తూ నిలబడింది.

"ఇంకా తిట్టు తమ్ముడూ," అంది. "ఇంకాస్త దగ్గరికొచ్చి తిట్టు. గీత కదలడం లేదు."

చూశాను. పెన్ను సాపుగా, గీసినట్టుగా నడుస్తోంది. నేను అరుస్తూ ముందుకు వంగినంతసేపూ దానిలో చలనం లేదు. అప్పుడు బొత్తాం చూశాను. ఆవిడ దాన్ని ఏడాది కిందటి గుర్తు దగ్గరికి తిప్పేసి ఉంచింది. అంకె ముప్పై ఏడు. ఆ ప్రోటీన్‌కు ఏనాడూ ఏమీ కాలేదు. అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాను.

"సార్‌తో రేపు..." అన్నాను.

"రేపటి సంగతి రేపు. మీసానికి మసి అయింది, తుడుచుకో," అంది. తన కొంగు కూడా నిండా మసే.

శుక్రవారం ప్రొఫెసర్ గారు, విద్యార్థులు అంతా నా గదికి వచ్చారు. ఉదయం నుంచి నడిచిన గీత చూపించాం. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వచ్చి వంగారు, చేతులూపారు. గీత చెక్కు చెదరలేదు. ప్రొఫెసర్ గారు కాగితం పట్టుకుని గీత వెంట వేలు నడిపారు. తర్వాత అడిగారు, "మరి ఇన్నాళ్ళూ తప్పెక్కడుందమ్మా?"

సోమవారం ఇదే మనుషుల ముందు నేను ఆవిణ్ణి ఏమన్నానో అందరికీ గుర్తుంది. ఆవిడ ఒక్క వేలు నా వైపు చూపిస్తే చాలు.

"పలక మెరుస్తోందండి. నల్లగా ఉండాలి. ఇక మీదట ఎప్పుడూ మసి పట్టించి ఉంచుదాం," అంది.

ఎవరు మెరిపించారని ఎవరూ అడగలేదు. నేను నోరు విప్పలేదు. ఊరికే అరవడానికి వచ్చే నోరు ఆ రోజు ఒక్క మాటకు రాలేదు. అందరూ ఆవిణ్ణి మెచ్చుకుంటుంటే నేనూ చప్పట్లు కొట్టాను. ఆవిడ అప్పటికే బకెట్ తీసుకుని చలిగదికి బయల్దేరింది, ఏదో గొట్టం మార్చే టైమైందట.

రెండేళ్ళకు ఆసుపత్రి వాళ్ళు ఒప్పుకుని చెల్లెలి వార్డులో ఆరు సెన్సర్లు వేలాడదీశారు. బిగించింది నేనే. మూడో వారంలో ఒక మధ్యాహ్నం చలిగది బయట ఫోను మోగింది. పిన్ని చేతులు ఖాళీ లేవు, నేనే ఎత్తి ఆవిడ చెవి దగ్గర పెట్టాను. చెల్లెలి గొంతు నాకూ వినిపించింది. "అక్కా, నాలుగో తొట్టి మీద నీ దారాలు కదిలాయే! పొట్ట వెచ్చగానే ఉంది, పాదాల వేడి జారుతోంది. చేత్తో తాకితే నాకింకా తేడా తెలియలేదు. డాక్టర్ని పిలిచాం, మందు మొదలుపెట్టారు." సాయంత్రం మళ్ళీ ఫోను వచ్చింది. బిడ్డ పాదాలు వెచ్చబడ్డాయి. పిన్ని ఉన్ని టోపీతోనే కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది.

మరుసటి ఏడాది ఆవిడ రిటైరయింది. దండలూ ఉపన్యాసాలూ అయ్యాక, చలిగది తాళం, పాత రిజిస్టర్ల కట్ట కొత్తగా చేరిన అమ్మాయికి అప్పగిస్తోంది. కట్ట మోయడానికి నేను సాయం పట్టాను. పైన ఉన్న రిజిస్టర్ మూడేళ్ళ కిందటిది, అట్ట చూడగానే గుర్తుపట్టాను. చేతులు వాటంతట అవే ఆ పేజీ తీశాయి.

ఆ బుధవారం మొత్తం ఉంది. పది నలభై, గదిలో ఒకరు, ముందుకు వంగారు. పదకొండు పది, లేచి వెళ్ళారు. మూడింటికి, గట్టిగా మాట్లాడారు. ఎక్కడా నా పేరు లేదు, మెకానిక్ అని కూడా లేదు. రోజంతా తనని ఈసడించుకుంటూ తిరిగిన మనిషిని, ఎదురుగా 'నువ్వు' అని పిలిచే మనిషిని, కాగితం మీద 'వంగారు', 'వెళ్ళారు', 'మాట్లాడారు' అని గౌరవంగా రాసింది.

"అక్కా, అప్పుడు సార్‌కి నా పేరు ఎందుకు చెప్పలేదు?" అన్నాను. మూడేళ్ళు పట్టింది ఆ మాట అడగడానికి.

"చెప్పాల్సింది నేను కాదు కదా తమ్ముడూ," అంది. కోపం లేదు ఆ గొంతులో. "నువ్వు చెప్తావేమోనని ఆ రోజు కాస్త ఆగాను కూడా. అంతలో గొట్టం టైమైంది."

కొత్తమ్మాయి మా ఇద్దరి వంకా అయోమయంగా చూస్తోంది. జేబులోంచి పెన్ను తీశాను. ఆ పేజీలో 'ఒకరు' అని ఉన్న ప్రతిచోటా పక్కన నా పేరు రాశాను, మొత్తం పదకొండు చోట్ల. అట్టడుగున, పలకను మెరిపించింది నేనే, ప్రోటీన్ పాడైందన్నదీ నేనే, ప్రోటీన్‌లో ఏ తప్పూ లేదు అని రాసి సంతకం పెట్టాను. తర్వాత రిజిస్టర్ తీసుకుని ప్రొఫెసర్ గారి గది వైపు నడిచాను. పిన్ని నా వెనకే వచ్చింది, తలుపు దాకా.